మా పళ్లను కాచిన భయం

మా పీఈటీ మేడం పోయారు. మొన్న మంగళవారం పొద్దున ఆమె చెల్లెలు ఫోన్ చేసి చెప్పింది. నేనప్పుడు మా బడి వెనక గ్రౌండులో పిల్లలతో కబడ్డీ కోర్టుకు సున్నం గీతలు వేయిస్తున్నాను. "అక్క పోయిందమ్మా. పండుకున్నది పండుకున్నట్టే పోయింది. నీ నంబరు అక్క ఫోన్ల అన్నిటికంటె పైననే ఉంది, అందుకే ముందుగాల నీకే చేసిన" అన్నది. బతికినన్నాళ్లూ అన్నిటికీ భయపడిన మనిషి, చివరి క్షణంలో భయపడటానికి వ్యవధి కూడా లేకుండా పోయిందన్నమాట. నాకు ముందు తోచింది అదే. ఏడుపు తర్వాత వచ్చింది.

గంటలోపే మా పాత విద్యార్థినుల గ్రూపు మెసేజీలతో నిండిపోయింది. "ధైర్యానికి మారుపేరు" అని ఒకతె, "భయమంటే ఎరుగని మేడం" అని ఇంకొకతె. చదువుతుంటే నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి, నిజమే. అందుకని ఇంత అబద్ధమా? ఆమె అంత పిరికి మనిషిని నేను నా జన్మలో చూడలేదు. ఆ పిరికితనానికి నేను ఎంత రుణపడి ఉన్నానో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఇల్లందు దాటి భద్రాచలం వైపు వెళ్తుంటే అడవి మొదలయ్యే చోట మా ఆడపిల్లల హాస్టలు బడి ఉండేది. నేను కల్లూరు దగ్గరి పల్లె నుంచి ఆరో తరగతిలో అక్కడ చేరాను. మేడం అప్పటికే అక్కడ పీఈటీ. ట్రాక్ సూటు, మెడలో విజిలు, నూనె పెట్టి బిగించిన జడ. చూడటానికి పోలీసు అధికారిలా ఉండేది. ఆకాశంలో ఒక్క ఉరుము ఉరిమితే చాలు, విజిలూదుకుంటూ మమ్మల్నందరినీ వరండాలోకి తరిమేది. బస్సెక్కితే డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, "మెల్లగ బాబూ, ఆడపిల్లలున్నరు" అని దారి పొడవునా నస పెట్టేది. గోదావరిలో నీళ్లు పెరిగాయని విన్న వారం మమ్మల్ని భద్రాచలం పేరే ఎత్తనిచ్చేది కాదు. స్టూలెక్కి బల్బు మార్చడం కూడా ఆమె వల్ల కాదు, వాచ్‌మన్ రావాల్సిందే. మేం చాటుగా 'గజగజ మేడం' అని పిలుచుకునేవాళ్లం. ఆ పేరు పెట్టింది నేనే.

అన్నిటికంటే ఆమెకు మా మూతుల గురించి భయం. సాయంత్రం ఆట మొదలుపెట్టే ముందు అందరినీ వరసగా నిలబెట్టి, చిన్న టార్చిలైటు పట్టుకుని వచ్చేది. "నోరు తెరువు బిడ్డా. ఇంక తెరువు." ఏ పన్ను కదులుతున్నది, ఏది కొత్తగా వస్తున్నది, ఎవరి చిగుళ్లు వాచాయి అన్నీ చూసేది. కబడ్డీలో కాలు విరుగుతుందని భయపడితే అర్థముంది, పళ్ల గోల ఏందని మేం నవ్వుకునేవాళ్లం. ఆమె మాత్రం ప్రతిసారీ ఒకే మాట అనేది: "ఆటల మోకాలికి కండ్లుండయ్ బిడ్డా."

ఆ మాట నాకు ఎనిమిదో తరగతిలో అర్థమైంది. నా పక్క మంచం పిల్లది ఇల్లందు, వాళ్ల నాయిన బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మేమిద్దరం ఒకే ప్లేటులో తినేంత స్నేహం. ఆ సాయంత్రం ప్రాక్టీసులో నేను కూతకు వెళ్లాను. ఆమె నా చీలమండ పట్టడానికి కిందికి దూకింది. నేను విడిపించుకోవడానికి మోకాలు పైకి లాగాను. టక్కుమని చిన్న చప్పుడు. అంతే. పెద్దగా ఏమీ కాలేదనుకున్నాను. తిరిగి చూస్తే ఆమె మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో మూతి పట్టుకుని ఉంది. వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది.

మేడం పరిగెత్తుకొచ్చింది. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. తువ్వాలు అదిమి పట్టి పిల్లను ఎత్తుకుని వరండాలోకి తీసుకుపోయింది. నేను కోర్టులోనే నిలబడిపోయాను. మట్టిలో ఏదో తెల్లగా కనిపిస్తే వంగి తీశాను. పన్ను, వేరుతో సహా. పన్నుకు అంత పొడుగు వేరుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. చిన్నప్పుడు పాల పళ్లు ఊడినప్పుడల్లా మా అమ్మమ్మ నాతో ఒకటే చేయించేది. పన్నును పేడముద్దలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరాలి, కొత్త పన్ను ఇవ్వమని అడగాలి. అడిగితే వస్తుంది. నాకు అన్నీ వచ్చాయి కదా! నేను పరిగెత్తుకుంటూ వంటశాల వెనక్కి పోయాను. పేడ దొరకలేదు. వట్టి పన్నునే రేకుల కప్పు మీదికి బలం కొద్దీ విసిరి, "మా దోస్తుకు జల్దీ కొత్త పన్నియ్యి" అని దండం పెట్టుకున్నాను. నేను చేసిన తప్పుకు నేనే విరుగుడు చేశాననుకుని కొంచెం ధైర్యం కూడా తెచ్చుకున్నాను.

వరండాలోకి వచ్చేసరికి మేడం కొత్తగూడెంలో ఉన్న పళ్ల డాక్టరుతో ఫోనులో మాట్లాడుతోంది. ఫోను పెట్టేసి అరిచింది.

"పన్నేది? పన్ను ఎవరికన్న దొరికిందా? పాలల్ల ఏసి పట్కరమ్మంటుండు డాక్టరు. మళ్ల పెట్టొచ్చంట!"

"నాకు దొరికింది మేడం" అన్నాను.

"ఏది? తేవే!"

"కప్పు మీదేసిన మేడం."

మేడం నావైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లలో ఉంది. కోపం కాదు. గుండె జారిపోయిన మనిషి చూపు అది.

వాచ్‌మన్ ఆరోజు ఊళ్లో లేడు. మేడం తనే నిచ్చెన ఈడ్చుకొచ్చి గోడకు ఆనించింది. మేం నలుగురం కింద పట్టుకున్నాం. స్టూలెక్కని మనిషి! ఒక్కో మెట్టుకూ ఆగి, కళ్లు మూసుకుని, "రామా, రామా" అనుకుంటూ ఎక్కింది. పాత రేకులు. కాలు తప్పుగా వేస్తే విరిగి వంటశాలలో పొయ్యి మీద పడుతుంది. బోల్టులు కొట్టిన వరస మీదనే, కింద దూలం ఉన్న చోట మాత్రమే, చేతులూ మోకాళ్లూ ఆనించి పాకింది. పైన నిండా టేకాకులు. ఒక్కో ఆకు ఎత్తి చూడటం, పక్కకు పెట్టడం. ఎక్కడో ఒక రేకు 'కిర్రు'మంది. కింద మేమందరం ఒక్కసారి అరిచాం. "అరువకుండ్రే, నాకు భయమైతది!" అని పైనుంచి ఆమె గొంతు వణుక్కుంటూ వచ్చింది. నేను నిచ్చెన పట్టుకుని, మేడం పడితే అది కూడా నా మూలంగానే అనుకుంటూ నిలబడ్డాను. నా జీవితంలో అంత పొడుగైన సాయంత్రం మళ్లీ రాలేదు.

పన్ను దొరికింది. వంటక్క స్టీలు గ్లాసులో పాలు పోసి ఇచ్చింది. పిల్లనూ, గ్లాసునూ ఒళ్లో పెట్టుకుని మేడం అడవి దారిలో జీపులో కొత్తగూడెం పోయింది. డాక్టరు పన్నును మళ్లీ పెట్టి తీగతో కట్టాడు. అయితే అప్పటికే చాలా సేపు ఎండింది. వేరు మీద సన్నని పొర ఉంటుందట, అది ఎండిపోతే పన్ను పట్టుకోదట. ఊడిన పన్నును తల వైపు పట్టుకోవాలి, వేరును ముట్టకూడదు, రుద్ది కడగకూడదు, వెంటనే పాలలో వేసి అర్ధగంటలో డాక్టరు దగ్గరికి చేరాలి. ఇవన్నీ మాకు తర్వాత తెలిశాయి. దసరా సెలవుల నాటికి ఆ పన్ను నల్లబడి, కదిలి, మళ్లీ ఊడిపోయింది. అప్పటి నుంచి నా స్నేహితురాలు నవ్వినప్పుడల్లా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునేది.

మేడం నన్ను కొడుతుందని రోజూ ఎదురుచూశాను. ఆమె ఒక్కసారే అడిగింది.

"నీకు ఎవలు చెప్పిండ్రే కప్పు మీద ఎయ్యమని?"

"మా అమ్మమ్మ, మేడం. కొత్త పన్నొస్తదని."

"అది పాల పండ్లకు బిడ్డా. ఇది పోతే మళ్ల రాదు." మళ్లీ తనే అన్నది: "రోజు నోర్లు చూస్తిగని, పన్ను ఊడితే ఏం జెయ్యాలెనో మీకు ఒక్కనాడు చెప్పకపోతి. నాదే తప్పు."

నిజానికి ఆ మాటే నాకు దెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

ఆ తర్వాత మేడం భయం ఆమెను పనిలోకి దించింది. ఖమ్మం వెళ్లి ఒక సంచి నిండా, పళ్లకు దెబ్బ తగలకుండా ఆటలో తొడుక్కునే మౌత్‌గార్డులు తెచ్చింది. అన్నీ ఒకే సైజు, షాపులో దొరికే రెడీమేడ్ సరుకు. పెట్టుకుంటే ఏడుపే. చిన్న పిల్లలకు గొంతులోకి తగిలి వాంతి వచ్చేది. పెద్ద పిల్లలు దవడ బిగించి పట్టుకుంటే తప్ప నిలిచేవి కావు. ఒక పిల్ల పడినప్పుడు ఆమె గార్డు ఊడి లోపలికి జారి, గుటక పడక కళ్లు తేలేసింది. మేడం నోట్లో వేలు పెట్టి లాగింది. లాగిన గార్డును అట్లాగే చేతిలో పట్టుకుని చాలాసేపు కింద కూర్చుండిపోయింది. ఆ సంచి మొత్తం అదే రోజు చెత్తకుండీలో పడింది. "సరిగ్గ లేని గార్డు ఉత్త నోటికంటె పాపం" అన్నది.

మళ్లీ కొత్తగూడెం డాక్టరు దగ్గర కూర్చుని అన్నీ అడిగి రాసుకొచ్చింది. ఈసారి వేడినీళ్లలో మెత్తబడి పళ్లకు తగ్గట్టు అచ్చు పడేవి తెచ్చింది, చిన్నవాళ్లకు చిన్నవి, పెద్దవాళ్లకు పెద్దవి. పళ్లకు తీగలు కట్టించుకున్న ఒక పిల్లకు మాత్రం ఇవి పనికిరావని, డాక్టరు దగ్గరే వేరేగా చేయించింది. ఆదివారం పొద్దున హాస్టలు వంటశాలే మా కార్ఖానా. వంటక్క గిన్నెలో నీళ్లు మరిగించి దించేది. మేడం చేతి గడియారం చూస్తూ గార్డును ముంచి తీసి, చల్లనీళ్లలో ఒక్క క్షణం ఆడించి, పై పళ్లకు ఎక్కించేది. "కొరుకు. గట్టిగ కాదు, సమంగ. ఇగ లోపటికి పీల్చు." బయటి నుంచి తన వేళ్లతో మా పెదాల మీద ఒక్కో పన్ను దగ్గరా నొక్కేది. ఆమె వేళ్లు చల్లగా, కొంచెం వణుకుతూ ఉండేవి. ఆమె ఊపిరి మన మొహానికి తగిలేంత దగ్గరగా, తప్పు జరుగుతుందేమోనన్న కళ్లతో చూస్తూ ఉండేది. మా అమ్మ కూడా నన్ను అంత దగ్గర నుంచి అంత శ్రద్ధగా చూసి ఉండదు.

వంటక్క మాత్రం నవ్వేది. "అన్నం ముద్దలు పెట్టే నోర్లల్ల ఇదేం పెడ్తున్నవ్ మేడం?"

"నువ్వు పెట్టే ముద్ద నమలనీకే అక్కా" అనేది మేడం.

అచ్చు పడ్డాక పరీక్ష. నోరు తెరిచి, నాలుకతో తోయకుండా, పదిసార్లు ఎగరాలి. గార్డు దానంతటది నిలిస్తే పాసు, ఊడితే మళ్లీ గిన్నె దగ్గరికి. చిగుళ్లకు గుచ్చుకునే అంచును చిన్న కత్తెరతో కత్తిరించి, గోటితో రాసి చూసేది. ఇదంతా అయ్యాక అసలు చిక్కు వచ్చిపడింది. కూత! గార్డు పెట్టుకుని 'కబడ్డీ కబడ్డీ' అంటే 'కవళ్లీ కవళ్లీ' అని వచ్చేది. కూత స్పష్టంగా వినిపించకపోతే రిఫరీ అవుటిస్తాడు. కొందరు పిల్లలు కూతకు పోయేటప్పుడు తీసేసి, పట్టుకు నిలబడేటప్పుడు పెట్టుకుంటామన్నారు. మేడం ఒప్పుకోలేదు. "అవతలి కోర్టుల ఏడుగురు నీ మీదికి దుంకుతరు. అప్పుడే తీస్తవా?" మరి ఏం చేసిందో తెలుసా? రోజూ రాత్రి భోజనం ముందు అందరం గార్డులు పెట్టుకుని తెలుగు పాఠం గట్టిగా చదవాలని నియమం పెట్టింది. మొదటి వారం హాస్టలంతా పళ్లు లేని ముసలమ్మల సభలా ఉండేది. తెలుగు సారు చెవులు మూసుకుని పారిపోయేవాడు. నెల తిరిగేసరికి మా కూత గంటలా మోగింది.

గార్డును కాపాడుకోవడానికి కూడా ఆమెకు నియమాలుండేవి. ఆట కాగానే చల్లనీళ్లతో కడిగి, మెత్తటి బ్రష్షుతో తోమి, గాలి రంధ్రాలున్న డబ్బాలో పెట్టాలి. డబ్బా మీద పేరు ఉండాలి. ఎండలో పెట్టకూడదు, జేబులో వేసుకోకూడదు, ఒకరిది ఇంకొకరు పెట్టుకోకూడదు, కూర్చుని బబుల్ గమ్ములాగా నమలకూడదు. మిర్చి కోతల కాలంలో ఇంటికి పోయి చేలో పనిచేసి వచ్చిన ఒక పిల్ల, చేతులు సరిగ్గా కడగకుండా గార్డు పెట్టుకుని లబోదిబోమంటూ నీళ్ల తొట్టి చుట్టూ పరిగెత్తింది. మాకు నవ్వాగలేదు. మేడం మాత్రం నవ్వలేదు. ఆ రోజు నుంచి చేతులు కూడా చూడటం మొదలుపెట్టింది.

ఇక నా సంగతి.

పదో తరగతిలో నేను మా బడి జట్టులో అందరికంటే ముందు కూతకు పోయే రైడర్ని. భద్రాచలంలో జోనల్ సెలక్షన్ మ్యాచ్. అందులో ఎంపికైతే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. ఆ సీటు వస్తే ఇంటర్ చదువు, ఆట రెండూ సాగుతాయి. రాకపోతే మా ఇంట్లో ఏం నిర్ణయిస్తారో నాకు తెలుసు. మ్యాచ్‌కు రెండు రోజుల ముందు హాస్టల్లో జ్వరాలు మొదలయ్యాయి. నర్సమ్మ వచ్చి నీళ్లు కాచి తాగమని, గ్లాసులూ పళ్లేలూ సలసల మరిగే నీళ్లలో వేయమని చెప్పింది. మ్యాచ్ ముందు జ్వరం వస్తే నా గతేంది? ఆ భయంతో నేను గ్లాసుతో పాటు గార్డును కూడా మరిగే నీళ్లలో వేశాను. బాగా శుభ్రం కావాలని చాలాసేపు ఉంచాను. తీసి చూస్తే ఎండుటాకులా ముడుచుకుపోయి ఉంది. వేళ్లతో సాగదీసి, నోట్లో కుక్కి చూసుకున్నాను. ఒక పక్క ఎక్కింది, ఇంకో పక్క లేచి నిలబడింది. మేడంకు చెబితే ఆపేస్తుంది. చెప్పలేదు. పొద్దుటి తనిఖీలో దవడ బిగించి పట్టుకున్నాను. ఆరోజు ఆమె జ్వరం పిల్లల హడావిడిలో ఉండి సరిగ్గా చూడలేదు.

మ్యాచ్ చివరి అయిదు నిమిషాలు. మేం రెండు పాయింట్లు వెనక ఉన్నాం. మా నాయిన మిర్చి కోతలు వదిలి కల్లూరు నుంచి వచ్చి, తాడు అవతల నిలబడి ఉన్నాడు. నేను కూతకు పోయి ఒక పాయింటు తెచ్చాను. తిరిగి వస్తుండగా మేడం విజిలు. టైమౌట్.

"ఇటు రా. నీ కూత గట్లెందుకున్నది?"

"మంచిగనే ఉంది మేడం."

"నోరు తెరువు."

తెరవక తప్పలేదు. గార్డు జారి ఆమె అరచేతిలో పడింది. ఆమె దాన్ని చూసింది.

"ఏం జేసినవే దీన్ని?"

"కాచిన మేడం. కడుగుదామని. ఇంకా నాలుగే నిమిషాలు. తీసేసి ఆడుత."

"వద్దు."

"మేడం, మీ కాళ్లు మొక్కుత. సీటు పోతది."

"కూసో."

నా బదులు ఇంకో పిల్లను దింపింది. మేం ఒక్క పాయింటుతో ఓడిపోయాం. ఎంపిక చేసేవాళ్లు అవతలి జట్టు అమ్మాయి పేరు రాసుకున్నారు. మా నాయిన తాడు దాటి వచ్చాడు. నా తల మీద చెయ్యి వేసి, "సర్లేమ్మా, బస్సుకు టైమవుతుంది" అని వెళ్లిపోయాడు. దానికంటే తిడితే బాగుండేది.

బస్సు దగ్గర అందరి ముందూ నేను మేడం మీద అరిచాను. పదహారేళ్ల నోరు అది, అదుపేముంటుంది? "మీకు అన్నిటికి భయం మేడం. మీ భయంతోని నా బతుకు ఆగం జేసిండ్రు."

మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అవ్. నాకు భయమే" అన్నది. "ఎక్కు. బస్సు పోతది."

వీడ్కోలు రోజున అందరూ ఆమె కాళ్లకు దండం పెట్టారు. నేను పెట్టలేదు. తర్వాత చాలా ఏళ్లు ఆమె పేరెత్తితే మాట మార్చేదాన్ని. ఇంటర్, డిగ్రీ ఎట్లాగో గట్టెక్కించి, బీపీఈడీ చేసి, పీఈటీ ఉద్యోగంలో చేరాను. చేరిన మొదటి సాయంత్రం పద్నాలుగు మంది పిల్లల్ని కోర్టులో దింపి విజిలూదాను. ఇద్దరు పిల్లల తలలు ఢీకొనడం వెంట్రుక వాసిలో తప్పింది. ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు నవ్వుకుంటూ లేచారు. నాకు మాత్రం విజిలు నోట్లోంచి జారిపోయింది. ఆట చూస్తున్నట్టు లేదు. వాళ్ల మూతులు తప్ప ఇంకేమీ కనిపించడం లేదు. ఆడేటప్పుడు నాకు ఏనాడూ లేని భయం అది. ఆడించేవాళ్లకే పుడుతుంది కాబోలు. ఇంత భయాన్ని మేడం అన్నేళ్లు ఎట్లా మోసిందో అనుకుంటూ, ఆ రోజు కోర్టు పక్కన కూర్చుని నేను ఏడ్చాను. మర్నాడే గార్డులకు ఆర్డరు పెట్టాను.

నాలుగేళ్ల కింద భద్రాచలంలో ఒక టోర్నమెంటు దగ్గర ఆమె కనిపించింది. రిటైరైంది, జుట్టు పూర్తిగా నెరిసింది. నాతో మాట్లాడకుండా నేరుగా మా పిల్లల దగ్గరికి వచ్చి, "నోరు తెరువు బిడ్డా" అన్నది. గార్డును వేలితో కదిపి చూసింది. తీయించి అంచులు చూసింది. డబ్బాకు రంధ్రాలున్నాయో లేదో చూసింది. అప్పుడు నావైపు తిరిగింది.

"మంచిగనే కూసోవెట్టినవ్."

"మేడం, ఆనాడు నేను..."

"మ్యాచ్ ముందటి రోజు నీకు నిద్ర పడ్తదా?"

"పట్టదు మేడం."

"మంచిది" అని నా చెయ్యి పట్టుకుంది. క్షమాపణ మాట నా నోట్లోనే ఉండిపోయింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసేది. ఎవరి పళ్లు ఎట్లున్నాయి, ఎవరి గార్డు చిరిగింది, అడవి వైపు నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు మాట కలుపుతున్నారా, ఇవే కబుర్లు. ప్రతి ఆదివారం చెబుదామనుకునేదాన్ని. వచ్చే వారం చెప్పొచ్చులే అనిపించేది. మొన్న ఆదివారం కూడా చేసింది. నేను బట్టలు ఉతుకుతూ స్పీకర్లో పెట్టి మాట్లాడాను.

"ఆ ఏడో తరగతి పిల్లకు కోరపన్ను వస్తుందంటివి. గార్డు మళ్ల కూసోవెట్టినవా?"

"రేపు చేస్త మేడం."

"రేపంటవేందే? పన్ను పెరిగినంక పాత గార్డు లేచి నిలవడ్తది."

"సరే మేడం, పని మీదున్న, ఉంట మరి" అని పెట్టేశాను. ఆమెతో నా ఆఖరి మాట అదే. సోమవారం చేయలేదు. మంగళవారం పొద్దున ఆమె పోయిందన్న ఫోను వచ్చినప్పుడు ఆ పిల్ల గీతల పక్కన గార్డు పెట్టుకుని నిలబడి ఉంది. పిలిచి నోరు తెరిపించాను. గార్డు ఒక పక్క లేచే ఉంది. ఆ క్షణం నాకు వేసిన భయం ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు. చెప్పుకోవాల్సిన మనిషే లేదు. ప్రాక్టీసు ఆపేసి, ఆ గార్డు నా దగ్గర పెట్టుకుని, మేడం వాళ్ల ఊరు ఇల్లందుకు బస్సెక్కాను.

వాళ్ల ఇంటి ముందు షామియానా వేశారు. మేడంను చాప మీద పడుకోబెట్టారు. నేను తల దగ్గర కూర్చుని ఆమె చెవిలో "తప్పయింది మేడం" అన్నాను. ఇన్నేళ్లూ దాచిపెట్టిన మాట రెండు ముక్కల్లో అయిపోయింది. నా పక్కన ఎవరో వచ్చి కూర్చుని భుజం మీద చెయ్యి వేశారు. నా పక్క మంచం పిల్ల. ఇప్పుడు దవాఖానాలో నర్సు. ఆ ఖాళీలో కట్టుడు పన్ను పెట్టించుకుంది.

మధ్యాహ్నానికి పాత విద్యార్థినులు బస్సుల మీద, బండ్ల మీద వస్తూనే ఉన్నారు. ఒకతె కానిస్టేబులు, డ్యూటీ బట్టల్లోనే వచ్చింది. ఒకతె అశ్వారావుపేటలో పామాయిల్ తోటల్లో పనిచేస్తుందట, చేతులకు గాట్లున్నాయి. ఒకతె చంకలో పాపతో వచ్చింది. ముప్పై, నలభై మంది అయ్యారు. ఎవరు ఏ సంవత్సరం బ్యాచో నాకు తెలియదు. సెలక్షన్లలో గెలిచినవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. మిగతా అందరూ నాలాగా ఓడినవాళ్లే.

ఎత్తే వేళయింది. నలుగురూ పాడెకు భుజం పట్టగానే ఒక్కసారిగా ఏడుపు లేచింది. ఆ ఆడవాళ్లంతా దారికి రెండు వైపులా నిలబడి, గుండెలు బాదుకుంటూ, నోళ్లు బార్లా తెరిచి ఏడుస్తున్నారు. నేను కూడా ఏడుస్తున్నాను. అయినా నా కళ్లు మాత్రం వాళ్ల నోళ్ల మీదికే పోతున్నాయి. ఆపుకోలేకపోయాను. మధ్యాహ్నపు ఎండ సూటిగా ఆ నోళ్లలో పడుతోంది. ముందు పళ్లు, కోర పళ్లు, పక్క పళ్లు. ఒక్కొక్కరినీ దాటుకుంటూ చూశాను. అన్నీ ఉన్నాయి. ఆ రెండు వరసల మధ్య నుంచి మా మేడం, గడ్డం కింది నుంచి తల మీదికి తెల్లగుడ్డ బిగించి కట్టిన మూతితో, మెల్లగా వెళ్లిపోయింది.